విడ్జెట్‌లో ఏ ఊరి ఎండ?

లంబసింగిలో చలిమంట కాచుకుంటున్నవాళ్ల ఫోన్లలో వాతావరణ విడ్జెట్లు విశాఖపట్నం ఎండను చూపిస్తుంటాయి. ఆ అంకె తప్పేమీ కాదు, వేరే ఊరిది. దాన్ని మన ఊరికి తెచ్చుకోవడం అందరూ నేర్వవలసిన పనే అంటాను.

లొకేషన్ అనుమతిని చాలామంది ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అని ఇస్తారు. విడ్జెట్ హోం స్క్రీన్ మీదే ఉంటుంది, యాప్‌ను తెరిచే పని పడదు. దాంతో మనం కొండెక్కినా చివరిసారి తెలిసిన చోటే అందులో నిలిచిపోతుంది. అనుమతిని ‘ఎల్లప్పుడూ’కి మార్చాలి, ఆ యాప్‌ను బ్యాటరీ పొదుపు నుంచి తప్పించాలి. మన ఇల్లెక్కడో దానికి తెలియనక్కర్లేదు, సుమారు లొకేషన్ చాలు. అదీ ఇష్టం లేకపోతే ఊరిపేరు మనమే ఎంచుకోవచ్చు. నాకు నచ్చిన దారి ఇదే. కాకపోతే కొత్తపల్లులు, రామాపురాలు మనకు బోలెడు. జిల్లా పేరు చూసి మరీ నొక్కాలి.

ఊరు కుదిరాకా అంకె కుదరకపోవచ్చు. విడ్జెట్‌లోని ‘ఇప్పుడు’ చాలాసార్లు థర్మామీటర్ చెప్పింది కాదు, కంప్యూటర్ నమూనా లెక్కగట్టింది. నమూనా నేలను గళ్లుగా విడగొడుతుంది. యూరప్ వాతావరణ అంచనాల కేంద్రం ప్రధాన నమూనాలో గడి సుమారు 9 కిలోమీటర్లు. 2025 మేలో మన దేశం మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో 6. మైదానంలో ఇది చాలు. మన్యంలో ఒక్క గడిలోనే కొండా లోయా ఇమిడిపోతాయి, రెంటికీ కలిపి ఒకే ఎత్తు లెక్కలోకి వస్తుంది. మామూలుగా కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అయితే మబ్బులేని శీతాకాలపు రాత్రి చల్లగాలి బరువెక్కి లోయలోకి జారుతుంది, అప్పుడు కొండ మీదకన్నా కిందే చలి ఎక్కువ. అందుకే లంబసింగి వైపు చలికి నేను చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో కొలిచిన ఉష్ణోగ్రతనే నమ్ముతాను.

వానది మరో తీరు. కూకట్‌పల్లిలో కుండపోత పోస్తుంటే ఎల్‌బీ నగర్‌లో చినుకుండదు. తెలంగాణలో మండలాల వారీగా ఉన్న ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు కురిసిన వానను కొలుస్తాయి. రాబోయేదాన్ని పట్టేది రాడార్. హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నం డాప్లర్ రాడార్ల చిత్రాలను వాతావరణ శాఖ అందరికీ చూపిస్తోంది. కళ్లంలో వడ్లు ఆరబోసి, పట్టాలు కప్పాలా వద్దా అని ఆకాశం చూసే రైతుకు విడ్జెట్‌లోని వాన శాతం ఏం చెబుతుంది? మబ్బు ఎటు కదులుతోందో ఆ చిత్రాలను వరసగా చూస్తే తెలుస్తుంది.