తెగిన వేళ్ళూ, దెయ్యం బొమ్మా

హెవీ మెటల్ అనగానే మనలో చాలామందికి జుట్టు విరబోసుకున్న తెల్లకుర్రాళ్ళ గోల గుర్తొస్తుంది. మనకేం సంబంధం అని పక్కన పెట్టేస్తాం. కానీ ఆ సంగీతానికి తొలి ఆల్బమ్ అని ఎక్కువమంది చెప్పుకునే 'బ్లాక్ సబ్బాత్'ని ఒక ప్రశ్నతో వినాలి. ఈ మోత ఏ చేతుల్లోంచి పుట్టింది? ఆ చేతుల్ని కనపడకుండా చేసిందెవరు?

ఆల్బమ్ పేరే బృందం పేరు. నలుగురూ బర్మింగ్‌హామ్‌లో ఆస్టన్ ప్రాంతపు శ్రామికవాడల పిల్లలు. గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ కొంతకాలం కబేళాలో పనిచేశాడు. గిటారు వాయించే టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో కార్మికుడు. 1965లో, పదిహేడేళ్ళప్పుడు, పని మానేసే చివరిరోజున అతణ్ణి అలవాటులేని యంత్రం దగ్గర నిలబెట్టారు. కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం. తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతి వేళ్ళతోనే.

ఇక వాయించలేవన్నారు. అప్పుడు ఫ్యాక్టరీలో పైఅధికారి ఒకాయన జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. 1928లో మంటల్లో రెండు వేళ్ళు దెబ్బతిన్నా, మిగిలిన వేళ్ళతోనే గిటారుకి కొత్త దారి చూపిన రోమా మనిషి జాంగో. రోమాలంటే యూరప్ ఊరిబయటే ఉంచిన జనం. వాళ్ళ భాష వేళ్ళు ఉత్తర భారతంలో ఉన్నాయి. వెలివేసిన జాతి మనిషి పాట విని ఒక కూలి కుర్రాడు లేచి నిలబడ్డాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేలితొడుగులు చేసుకున్నాడు. పాత తోలుకోటు ముక్కలు కోసి వాటికి అంటించుకున్నాడు. నొక్కడానికి తేలికని సన్నతీగలు కట్టుకున్నాడు.

1969 అక్టోబర్ 16న లండన్ రీజెంట్ సౌండ్ స్టూడియోలో, నిర్మాత రోజర్ బెయిన్ ఆధ్వర్యంలో, ఒక్కరోజులోనే రికార్డింగు ముగించారు. వేదిక మీద వాయించినట్టే నలుగురూ కలిసి వాయించారు. వాన, ఉరుము, గంట చప్పుళ్ళు తర్వాత చేర్చారు. మొదటి పాటలో మూడంటే మూడు స్వరాలు, నెమ్మదిగా, సమ్మెట దెబ్బల్లా పడతాయి. మాటల్లో సైతానూ, మంత్రగాడూ, పీడకలా ఉన్నాయి తప్ప ఫ్యాక్టరీ లేదు. ఫ్యాక్టరీ అంతా ఆ మోతలోనే ఉంది.

1970 ఫిబ్రవరి 13, శుక్రవారం నాడు వర్టిగో కంపెనీ ఆల్బమ్‌ని విడుదల చేసింది. అట్ట లోపల తలకిందుల శిలువ వేసింది. బృందాన్ని మాటమాత్రం అడగలేదు. అమ్ముడుపోవాలంటే కూలివాడి తెగిన వేళ్ళకన్నా దెయ్యం బొమ్మే నయం మరి! 'రోలింగ్ స్టోన్'లో లెస్టర్ బాంగ్స్ దీన్ని క్రీమ్ బృందానికి నాసిరకం నకలు అన్నట్టు తీసిపారేశాడు. జనం మాత్రం బ్రిటన్‌లో 8వ స్థానానికీ, అమెరికాలో 23వ స్థానానికీ ఎక్కించారు. 'మొరటు' అనే తీర్పు మనకి కొత్తదా? మన పాట మీదా, మన భాష మీదా పెద్దలు వేసిన ముద్ర అదే కదా.

అట్లాగని చంకలు గుద్దుకోనక్కర్లేదు. వీళ్ళు మొదలైంది బ్లూస్ బృందంగా. బ్లూస్ అమెరికా నల్లజనం సొత్తు. తర్వాత మెటల్ తెల్లవాళ్ళ సంగీతంగా చలామణీ అయిపోయింది, బాకీ సంగతి మరుగున పడింది. బర్మింగ్‌హామ్ పక్కనే స్మెథిక్ ఉంది. 1964లో జాతిద్వేషపు నినాదం ఎన్నిక గెలిపించిన ఊరు. అయోమీ వేళ్ళు తెగిన 1965లోనే, ఫిబ్రవరి 12న, ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ పిలిస్తే మాల్కం ఎక్స్ వచ్చిన ఊరు. ఆ చుట్టుపట్ల ఫౌండ్రీల్లో పంజాబీ కార్మికులుండేవాళ్ళు. వాళ్ళలో రవిదాసీ దళితులూ ఉన్నారు. అదే ఇనుము, అదే పొగ. ఈ ఆల్బమ్‌లో వాళ్ళ జాడ లేదు.

ఇంకో తేడా కూడా గమనించాలి. అయోమీ వేలికి తోలు తొడుక్కుంటే అక్కడెవరూ మైలపడలేదు. వాయిద్యంతో అతను ఫ్యాక్టరీ దాటి బయటపడగలిగాడు. మన దగ్గర తోలు ముట్టిన చేతినే అంటరానిదన్నారు. ఆ చెయ్యి మోగించిన డప్పుని చావుకీ చాటింపుకీ పిలిచారు గానీ, సంగీతమని ఒప్పుకోలేదు. కులాన్ని వర్గంలో కలిపేసి చదివితే ఈ తేడా జారిపోతుంది.

తెగిన రెండు వేళ్ళ కథని అయోమీ తన ఆత్మకథలో తనే చెప్పుకున్నాడు. తోలు ఊనినవాళ్ళూ, డప్పు కట్టినవాళ్ళూ, దాన్ని మంట దగ్గర కాచి శ్రుతి చేసినవాళ్ళూ ఎందరి కథలు రాసుకున్నాం మనం?