వస్తువులున్నాయి, వస్తువేదీ?

సాహిత్య విమర్శలో "వస్తువు" అంటే రచన దేన్ని గురించి చెబుతోందో అది. ప్రదర్శనశాలలో వస్తువు అంటే గాజు బీరువాలో పెట్టింది. ఈ రెండు అర్థాల మధ్య ఉన్న దూరాన్ని కొలవడానికి విశాఖపట్నం బీచ్ రోడ్డు తగిన చోటు. సముద్రపుటొడ్డు ఊళ్ళలోని చిన్న ప్రదర్శనశాలలు స్థానిక చరిత్రను చెప్పే తీరును రచయితలు కూడా పరిశీలించాలి. ఎందుకంటే అవీ కథనాలే. కథకుడు కనిపించనంత మాత్రాన అతనికి దృక్పథం లేదనుకోకూడదు.

1991లో తెరిచిన విశాఖ మ్యూజియం పాత డచ్చి బంగళాలో ఉంది. కళింగాంధ్ర ప్రాంతపు ఆయుధాలు, పింగాణీ సామాను, నాణేలు, పట్టు దుస్తులు, చిత్తరువులు అందులో చూడవచ్చు. ఇలాంటివి చెదలపాలు కాకుండా నగరపాలక సంస్థ ఒకచోట చేర్చడం మెచ్చదగిన పని. అయితే కత్తి పట్టినవాడి పేరు నిలిచినట్టు, ఆ కత్తిని సాగగొట్టిన కమ్మరి పేరు నిలవదు. పట్టుబట్ట కట్టినవారికి చిత్తరువు ఉంటుంది, నేసినవారికి ఉండదు. ఇది ఏ ఒక్క నిర్వాహకుడి దోషమూ కాదు. కాలానికి నిలిచే వస్తువుకే ఒక వర్గ స్వభావం ఉంది. కలవారి సామాను దాచుకోవడానికి పనికొస్తుంది. లేనివారి సామాను వాడకంలోనే అరిగిపోతుంది.

జాలరుల తెప్పనే తీసుకుందాం. కొన్ని దుంగల్ని తాళ్ళతో బిగించి సముద్రం మీదికి పోయేవారు. తిరిగి వచ్చాక కట్లు విప్పి దుంగల్ని ఆరబెట్టేవారు. ఒడ్డున అది తెప్ప కాదు, వట్టి కట్టెలు. ఇప్పుడు ఫైబర్ పడవలు వచ్చి ఆ కట్టెలు కూడా అరుదైపోయాయి. ఇక తీరంలోని కొండల్ని గురుతు పెట్టుకొని చేపలుండే చోటు పోల్చుకునే విద్య ఏ బీరువాకూ ఎక్కదు. ఊరికి పునాది వేసిన శ్రమే అతి తక్కువ ఆనవాళ్ళు మిగిల్చింది.

అదే మ్యూజియంలో 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఊరి మీద వేయగా పేలకుండా పడి ఉన్న బాంబు ఉంది. కానీ ఇనుము తనంత తాను చెప్పగలిగింది తక్కువ. ఆ రోజు రేవులో బరువులు మోస్తున్నవారు ఏం చేశారు? మూటాముల్లె కట్టుకొని ఊరు విడిచినవారు ఎక్కడ తలదాచుకున్నారు? పోవడానికి చోటే లేనివారి గతి ఏమిటి? బాంబు చరిత్రలో సగమైతే, భయపడిన ఊరు మిగతా సగం. ఆనాటి పదేళ్ళ పిల్లలకు నేడు తొంభై దాటాయి. ఆ మిగతా సగం మన కళ్ళముందే తరిగిపోతోంది.

మార్గాంతరం లేదా? ఆ రోడ్డు మీదే ఉంది. 2001లో సేవ నుంచి విరమించిన కుర్సురా జలాంతర్గామిని ఇసుక మీదికి చేర్చి 2002లో ప్రదర్శనశాలగా తెరిచారు. సుమారు 75 మంది ఇరుకులో బతికిన ఆ ఇనుప గొట్టాన్ని సందర్శకులకు చూపించే పని నౌకాదళంలో పనిచేసి విరమించినవారికే అప్పగించారు. యుద్ధ సామగ్రి పట్ల జనంలో ఆరాధన పెంచడం మంచిదా అన్నది వేరే చర్చ. ఇక్కడ పద్ధతి గమనించదగింది. పనిముట్టును గురించి పనిచేసిన మనిషే మాట్లాడుతున్నాడు. నావికుడికి దక్కిన ఈ గౌరవం రేవు హమాలీకి, ఓడ కట్టిన కార్మికుడికి, జాలరికి ఎందుకు దక్కరాదు?

విశాఖ రేవును 1933లో వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభించాడని చదువుతాం. 1948లో 'జల ఉష' ఓడను నెహ్రూ నీటిలోకి దించారని చదువుతాం. వ్యాకరణంలో కర్త అంటే పని చేసేవాడు. మన చరిత్ర వాక్యాల్లో కర్త అంటే ప్రారంభోత్సవం చేసేవాడు. శ్రీశ్రీ పుట్టిన ఊరిలోనే ఈ మాట మళ్ళీ చెప్పుకోవలసి వస్తోంది.

సాహిత్యం ఈ లోటును కొంత పూడ్చింది. విశాఖలో న్యాయవాదిగా ఉన్న రావిశాస్త్రి, కోర్టుల చుట్టూ తిరిగే నిరుపేదల మాటను వాళ్ళ యాసలోనే కథల్లోకి తెచ్చారు. ఏ బీరువాలోనూ దొరకని విశాఖ ఆ కథల్లో దొరుకుతుంది. కానీ మనం చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. వలనూ తెప్పనూ అలనూ ప్రతీకలుగా వాడుకొని, వాటి వెనుక మనిషిని పలకరించని కవిత్వం మనలో తక్కువ లేదు. అదీ గాజు బీరువాయే. కాకపోతే టిక్కెట్టు లేదు.

కాబట్టి నిర్వాహకుల్ని విమర్శించి ఊరుకోవడం చాలదు. తెలుగు ఎమ్మే విద్యార్థులు జాలరిపేటల్లోని వృద్ధుల దగ్గర, రేవులో పనిచేసి విరమించినవారి దగ్గర కూర్చొని, వాళ్ళ మాటను వాళ్ళ యాసలోనే, వాళ్ళు ఒప్పుకుంటే పేరుతో సహా రాసుకోవాలి. ఆ కాగితాల్ని బాంబు పక్కన పెట్టమని నగరపాలక సంస్థను అడగాలి. దానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. కావలసింది వినే ఓపిక. అది అలవడితే మన కథలకూ వస్తువు దొరుకుతుంది.