సంఘమును విడిచిన స్వరమా? అరేతా ఫ్రాంక్లిన్ గానముపై ఒక పరిశీలన

అరేతా ఫ్రాంక్లిన్ (1942–2018) జీవితమును సంఘస్థులు సాధారణముగా మూడు ముక్కలలో చెప్పుకొందురు: కాపరి కుమార్తె సంఘములో పాడినది, లోకములోనికి వెళ్ళినది, 1972లో తిరిగి వచ్చినది. తప్పిపోయిన కుమారుని ఉపమానములో ఈ జీవితమును ఇమిడ్చుట సులభమే. కాని ఆమె రికార్డులను వరుసగా విన్నయెడల ఈ కథనము నిలువదని మా అభిప్రాయము.

ఆమె తండ్రి సి. ఎల్. ఫ్రాంక్లిన్ డెట్రాయిట్‌లోని న్యూ బెతెల్ బాప్టిస్టు సంఘకాపరి. ద్వితీయోపదేశకాండము 32:11లోని పక్షిరాజుపై ఆయన చేసిన ప్రసంగము రికార్డుగా అమ్ముడై ప్రసిద్ధి కెక్కినది. (వాక్యమును వ్యాపారము చేసినది కుమార్తె కాదని ఇక్కడ గుర్తుంచుకొనవలెను!) ఆయన ప్రసంగము మామూలు మాటగా మొదలై, క్రమేణ రాగమై, చివరకు పాటయో బోధయో తెలియని స్థితికి చేరును. మధ్యమధ్య సంఘము బదులు పలుకును. అరేతా 14 ఏండ్ల వయస్సులో, 1956లో, తొలి రికార్డింగు చేసినది ఈ సంఘములోనే. ఒక్క మాటను పట్టుకొని సాగదీసి, తిప్పి, బదులు కొరకు ఆగుట ఆమె ఇక్కడనే నేర్చుకొన్నారు.

1960 నుండి 1966 వరకు కొలంబియా కంపెనీకి ఆమె జాజ్ పాటలు పాడారు. 1964లో డైనా వాషింగ్టన్‌కు నివాళిగా ఒక ఆల్బము చేశారు. స్వరము అప్పటికే పరిపక్వము. అయితే వెనుక వయొలిన్ల వాద్యబృందము అన్ని ఖాళీలను పూరించుటచేత బదులు పలుకుటకు చోటు లేదు. 1967లో అట్లాంటిక్ కంపెనీ ఆమెను పియానో యెదుట కూర్చుండబెట్టినది. ఓటిస్ రెడ్డింగ్ పాట ‘రెస్పెక్ట్’ను ఆమె మార్చిన తీరు గమనించదగినది: చెల్లెలు కారొలిన్, అక్క ఎర్మా వెనుక నుండి పలుకు బదులు సంఘము పలికే బదులే. ‘లోకములోనికి’ వెళ్ళిన పాటయే రూపములో సంఘమునకు అతి సమీపముగా నున్నది.

1972 జనవరి 13, 14 తేదీలలో లాస్ ఏంజిలిస్‌లోని న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్టు ఆలయములో జేమ్స్ క్లీవ్‌లాండ్ నడిపిన ఆరాధనలో ‘అమేజింగ్ గ్రేస్’ రికార్డు చేయబడినది. డ్రమ్ములపై బెర్నార్డ్ పర్డీ, గిటారుపై కార్నెల్ డుప్రీ. 1971లో ఫిల్‌మోర్ వెస్ట్ కచేరీలో ఆమెకు వాయించినవారు వీరే. బానిసల ఓడకు కెప్టెన్‌గా పనిచేసిన జాన్ న్యూటన్ కీర్తనను బానిసల సంతతివారైన సంఘము మధ్య ఆమె పది నిమిషాలకు పైగా పాడారు. ఒక్కొక్క అక్షరము ఒక ప్రసంగాంశమైనట్లు తోచును. 2018లో విడుదలైన చలనచిత్రములో ఆ పాట నడుచుచుండగా క్లీవ్‌లాండ్ ముఖము కప్పుకొని ఏడ్చుట చూడవచ్చును.

ఇక్కడ మాకొక సందేహము లేకపోలేదు. పద్ధతి ఒకటే అయినప్పుడు అర్థమును నిర్ణయించునదేమి? అదే ఆరాధనలో ఆమె కెరోల్ కింగ్ రచించిన స్నేహపు పాటను థామస్ డార్సీ ప్రార్థనా గీతముతో జోడించారు. మొదటిది విడిగా మనుష్యుల ఓదార్పు మాత్రమే. భార్యాబిడ్డలను పోగొట్టుకొని 1932లో డార్సీ వ్రాసిన గీతము ప్రక్కన చేరగానే ఆ స్నేహితుడు క్రీస్తగును. డార్సీ కూడ పూర్వము బ్లూస్ వాద్యకారుడే. కర్ణాటక రాగములను సువార్తకు వినియోగించిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు పాడుకొను మన సంఘములు రాగమునుబట్టి పాటను వెలివేయుట ఎట్లు పొసగును? పదములు, ప్రక్కనున్న ప్రార్థన, బదులిచ్చు సంఘము, వీటిని పరీక్షింపవలెను.

1998 గ్రామీ సభలో అస్వస్థుడైన పావరొట్టీకి బదులుగా ఆయన శ్రుతిలోనే పుచ్చీని ఒపేరా గీతము పాడుట ఆమె బహుముఖ ప్రజ్ఞకు నిదర్శనముగా చెప్పుదురు, అది నిజమే. మాకు అంతకంటె ఆలోచింపజేయునది 1987 నాటి రికార్డు. పేరు ఎఫెసీ 4:5 నుండి తీసుకొన్నది, స్థలము తండ్రి సంఘము, ఆయన మరణించి మూడేండ్లయినది. అన్నియు పరిశుద్ధమైనవే, అయినను 1972 నాటి బలము అందులో లేదు. వక్తలు మాట్లాడుదురు, పిదప గాయకులు పాడుదురు. ఆమె తండ్రి కలిపిన రెండును అక్కడ వేరువేరుగా నున్నవి.