లినక్స్ ప్యాకేజీల ప్రామాణీకరణ: తెలుగు వాడుకరి దృష్టితో ఒక పరిశీలన

ప్రామాణికత సమస్య తెలుగువారికి కొత్తది కాదు. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం కావ్యభాష ఆధారంగా సూత్రాలు నిర్మించింది. వాటికి లోబడని వాడుక గ్రామ్యమనిపించుకుంది. ప్రమాణాన్ని ఎవరి వాడుక నుంచి గ్రహించాలన్నదే తరువాతి గ్రాంథిక, వ్యావహారిక వివాదానికి మూలం. లినక్స్ డెస్క్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను, వాటి పంపిణీని ప్రామాణీకరించే ప్రయత్నాలకూ ఈ ప్రశ్న వర్తిస్తుంది.

డెబియన్, ఉబుంటులు డెబ్ రూపాన్ని, ఫెడోరా ఆర్‌పిఎం రూపాన్ని అనుసరిస్తాయి. 2006లో అంతర్జాతీయ ప్రమాణమైన లినక్స్ స్టాండర్డ్ బేస్ ఆర్‌పిఎంను స్వీకరించింది. డెబియన్ ఏలియన్ అనే మార్పిడి సాధనంతో కొంతకాలం సర్దుకొని, 2015లో ఆ ప్రమాణానికి మద్దతును దాదాపుగా విరమించింది. దానిని పాటించి వెలువడిన అప్లికేషన్లు అతి స్వల్పం కావడం ఇందుకు ఒక ముఖ్య కారణం. వాడుక బలం లేని ప్రమాణం గ్రంథస్థంగానే మిగిలిపోయింది.

ఫ్లాట్‌పాక్, స్నాప్ విధానాలు వేరే దారి పట్టాయి. అప్లికేషన్‌ను దానికి కావలసిన లైబ్రరీలతో సహా అందించడం వల్ల ఒకే ప్యాకేజీ అనేక పంపిణీల్లో పనిచేస్తుంది. ఇది నిస్సందేహంగా మేలు. అయితే భాషావసరాలు ఒక అప్లికేషన్‌కు పరిమితమైనవి కావు. లోహిత్ తెలుగు ఖతి డెబియన్‌లో ‘ఫాంట్స్-లోహిత్-తెలు’, ఫెడోరాలో ‘లోహిత్-తెలుగు-ఫాంట్స్’. ఖతి ఒకటే, పేర్లు రెండు. కనుక ఒకే స్థాపన సూచన ఇద్దరికీ చెల్లదు. వ్యవస్థలో స్థాపించిన ఖతులను ఫ్లాట్‌పాక్ అప్లికేషన్లు చూడగలవు గాని, ఆ ఖతిని తెచ్చుకొనే పని పాత ప్యాకేజీల మీదనే ఆధారపడి ఉంది.

అనువాదాల విషయం మరింత గమనార్హం. ఫ్లాట్‌పాక్ సాధారణంగా వ్యవస్థలో ఎంచుకున్న భాషల అనువాదాలనే దిగుమతి చేస్తుంది. తణుకు వంటి పట్టణంలోని కళాశాల ప్రయోగశాలలో కంప్యూటర్లను ఆంగ్లంలో అమర్చారనుకుంటే, అనువాదం సిద్ధంగా ఉన్నా తెలుగు మెనూలు విద్యార్థికి చేరవు. భాషల జాబితాలో తెలుగును చేర్చే ఆదేశం ఉంది. దానిని తెలిసినవారు అందుబాటులో ఉండాలి. నిల్వను ఆదా చేసే ఈ నిర్ణయం ఆచరణలో భాషా నిర్ణయమవుతున్నది.

కాబట్టి ప్యాకేజీ ప్రామాణికతను ఎన్ని పంపిణీల్లో పనిచేస్తుందన్న లెక్కతోనే కొలవడం అసమగ్రం. ఖతి, కీబోర్డు, అనువాదం నిపుణుని సాయం లేకుండా వాడుకరికి ఒక్కసారిగా అందుతున్నాయా అన్నది కూడా కొలమానం కావాలి. ఆ పరీక్షలో నెగ్గని ఏకరూపత పంపిణీదారుల సౌకర్యమే తప్ప తెలుగు వాడుకరికి ప్రమాణం కాదు.