పోయిందని చెప్పలేక

మపాసా 'నెక్లెస్' కథ మాకు ఇంటర్మీడియట్‌లో ఇంగ్లీషు పాఠం. "ఎరువు సొమ్ము బరువు చేటు" అని మాష్టారు ఒక్క సామెతతో తేల్చేశారు. ఆడదాని డాబుకి తగిన శాస్తి అని పరీక్షలో రాసి మేమూ మార్కులు తెచ్చుకున్నాం. మొన్న అదే కథ మా అమ్మాయి తొమ్మిదో క్లాసు పుస్తకంలో కనిపించింది. చదివి ఒకటే అడిగింది: "పోయిందని ఆవిడతో చెప్పేస్తే అయిపోయేది కదా నాన్నా?"

ఆ ప్రశ్న పట్టుకుని కథ మళ్ళీ చదివాను.

1884 నాటి కథ. కట్నం లేని పిల్ల కాబట్టి మతిల్డ్‌ని విద్యాశాఖలో చిన్న గుమాస్తా లోయిజెల్‌కి ఇచ్చి చేశారు. మంత్రిగారింట్లో విందుకి పిలుపొస్తుంది. మొగుడు తుపాకీకని దాచుకున్న 400 ఫ్రాంకులు గౌనుకి పోతాయి. డబ్బున్న స్నేహితురాలు మదాం ఫొరెస్తియే దగ్గర నగ ఎరువు తెచ్చుకోమన్నదీ మొగుడే. ఆ రాత్రే నగ పోతుంది. కొక్కెం విరిగింది, బాగుచేయిస్తున్నానని ఉత్తరం రాయమని అతను చెబుతాడు, ఆవిడ రాస్తుంది.

నా మటుకు నాకు కథంతా ఈ ఉత్తరంలోనే ఉంది. మతిల్డ్ పగటికలలకి పేరాలకి పేరాలు ఇచ్చిన మపాసా ఈ అబద్ధం దగ్గర మాత్రం ఆగడు. నగ మీద మోజు ఒక్క రాత్రితో తీరిపోయింది. పదేళ్ళ అప్పు తెచ్చింది, గొప్పింటి మనిషి ముందు 'పోగొట్టాను' అనలేని బెదురు. అది మొగుడికీ ఉంది. తనూ కొన్నాళ్ళు అదే శాఖలో గుమాస్తాగిరీ చేసిన మపాసాకి ఆ బెదురు తెలియనిదా?

ఇక లెక్కలు. పాలే రాయల్ దుకాణంలో అలాంటి నగ బేరమాడితే 36,000 ఫ్రాంకులు. అప్పుడు తెలుస్తుంది మనకి, లోయిజెల్ దగ్గర తండ్రి వదిలి వెళ్ళిన 18,000 ఉన్నాయని! 400 అనగానే మొహం పాలిపోయిన మనిషి దగ్గర! ఆ సొమ్ము సంగతి భార్యకి తెలుసో లేదో కథ చెప్పదు. మిగతా సగానికీ అప్పు పత్రాల మీద సంతకాలు అతనివే. 1804 నాటి ఫ్రెంచి సివిల్ కోడ్ ప్రకారం పెళ్ళయిన స్త్రీకి మొగుడి అనుమతి లేకుండా ఒప్పందం చేసుకునే హక్కు లేదు. ఫ్లోబేర్ నవలలో ఎమ్మా బొవారీ కూడా మొగుడి దగ్గర అధికారపత్రం తీసుకున్నాకే అప్పుల్లో పీకలదాకా మునిగింది. తీర్చడంలో లోయిజెల్ దంపతులిద్దరూ అరిగిపోయారు, అది నిజం. అపకీర్తి మాత్రం ఆవిడొక్కదానికే.

చివరికి ఆ నగ నకిలీదని, మహా అయితే 500 ఫ్రాంకులని తేలుతుంది. ఇచ్చేటప్పుడు ఫొరెస్తియే ఆ ముక్క చెప్పలేదు. ఆవిడది డాబు కాదూ? (మన పార్టీల్లో ఎవరైనా "ఇది వన్ గ్రామ్ గోల్డేనండీ" అని ముందే చెప్పేస్తే ఆవిడ మీద నాకు గౌరవం పెరుగుతుంది.)

ఇంకొక మనిషుంది. కథ మొదట్లో మతిల్డ్ ఇంట్లో పనిచేసే బ్రెటన్ పిల్ల. ఆ పిల్లని చూసినప్పుడల్లా మతిల్డ్‌కి తన పేదరికమే గుర్తొస్తుంది. అప్పు నెత్తిన పడగానే పనిపిల్లని మాన్పించేస్తారు, ఒక్క ముక్కలో. ఎక్కడికెళ్ళిందో మపాసా చెప్పడు. మాష్టారూ అడగలేదు. ఇన్నేళ్ళూ నేనూ అడగలేదు.