పల్లవి ఒకటే, చరణానికో అర్థం

క్షవరం పని నేర్చిన కుర్రాడు టీటుస్ ఫోయర్‌ఫుక్స్. జుట్టు ఎర్రగా ఉందన్న ఒక్క కారణానికే అతనికి ఎవరూ పని ఇవ్వరు. పట్టు తప్పి పరుగెడుతున్న గుర్రాన్ని ఆపి ఒకాయన్ను కాపాడినందుకు ఓ నల్ల విగ్గు దొరుకుతుంది. అది తలకెక్కగానే దశ తిరుగుతుంది. పెద్దింటి తోట చూసుకునే వితంతువుతో అతను మొక్కలు, మొలకల భాషలో మాట్లాడతాడు. రచయిత్రి అయిన ఆ ఇంటి దొరసాని ఎదుట అలంకారాలు దట్టించిన గ్రాంథిక జర్మన్ అందుకుంటాడు. ఎక్కిన ప్రతి మెట్టుకూ యాస మారుతుంది. 1840లో వియన్నాలో తొలిసారి ఆడిన ‘తలిస్మాన్’ ఇది. కథను ఒక ఫ్రెంచి నాటకం నుంచి తీసుకున్నా ఆ మాటల మెట్లు మాత్రం రచయిత యోహాన్ నెస్ట్రోయ్ సొంతం.

నెస్ట్రోయ్ 1801లో వియన్నాలో పుట్టాడు. మొదట ఒపేరా గాయకుడు. 1822లో మోజార్ట్ ‘మాయా మురళి’లో జరాస్ట్రో పాత్రతో రంగమెక్కి, ఆమ్‌స్టర్‌డామ్, బ్రనో, గ్రాట్స్ రంగస్థలాల మీద పాడుతూ మెల్లగా హాస్యంలోకి జరిగాడు. 1831లో కార్ల్ కార్ల్ వియన్నాలో నడిపే నాటకశాలలో చేరాక ఆ నగరమే అతని ముఖ్య రంగస్థలమైంది. 1862లో కన్నుమూసేనాటికి సుమారు 80 నాటకాలు రాశాడు, వాటిలో ముఖ్యపాత్రలు తానే వేశాడు. తాను పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. జోడీ నటుడు వెంట్సెల్ షోల్ట్స్ బొద్దుగా ఉండేవాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడితేనే నవ్వు మొదలయ్యేది.

నెస్ట్రోయ్ రాసిన పాటల ప్రహసనాలకు ప్రాణం కుప్లే. పాత్ర కథను కాసేపు పక్కన పెట్టి, ముందుకొచ్చి, నేరుగా ప్రేక్షకులకు వినిపించే పాట అది. పల్లవి మారదు. చరణం మారినప్పుడల్లా అదే పల్లవి కొత్త చోట తగులుతుంది: ఒకసారి అమాయకంగా, ఇంకోసారి చురకలా, మరోసారి దిగులుగా. 1833 నాటి ‘లుంపాత్సివాగబుందుస్’లో తాగుబోతు చెప్పులు కుట్టేవాడు క్నీరీమ్‌గా నెస్ట్రోయే నటించాడు. తోకచుక్క వచ్చి లోకాన్ని ముంచేస్తుందని క్నీరీమ్ నమ్మకం. ఆకాశంలో ఏదీ సవ్యంగా లేదంటూ ఒక్కో చరణంలో ఒక్కో సాక్ష్యం చూపి, ఇక ఈ లోకం ఎన్నాళ్లో నిలవదని ప్రతిసారీ తేలుస్తాడు. 1835లో హేలీ తోకచుక్క రాబోతున్న రోజులవి. తాగినవాడి తర్కం నవ్విస్తుంది, అతని భయం మాత్రం హాల్లో కూర్చున్నవాళ్లకూ పరిచయమే. ఈ రెండూ ఒకే పల్లవిలో ఇమడటమే ఆ పాట గొప్పతనం.

రెండు విరుద్ధాలను ఒకేచోట ఇమిడ్చే ఈ చూపు రంగస్థల నిర్మాణంలోనూ నెస్ట్రోయ్‌కు ఉంది. 1835లో రాసిన నాటకంలో వేదికను రెండంతస్తులుగా చీల్చాడు. పైన ధనికుల విందు, కింద పేదల ఆకలి, రెండూ ఒకేసారి కళ్లెదుట నడుస్తాయి. చివరికి పైవాళ్లు కిందికి, కిందివాళ్లు పైకి చేరతారు.

ఆస్ట్రియా ఛాన్సలర్ మెటర్నిక్ ఏలుబడిలో ప్రతి నాటకమూ ముందుగా సెన్సారు చేతికి వెళ్లాలి. ఆమోదించిన ప్రతిలో లేని మాట వేదిక మీద అంటే శిక్షే. బ్రనోలో అతని కొలువు పోయింది కూడా ఇలాంటి ఆశువు మాటల వల్లనే. అందుకే రాతప్రతిలో ఘాటైన మాట పక్కనే మెత్తని మాట తానే రాసి ఉంచేవాడు. కనుబొమ ఎగరేయడం, ఒక మాట ముందు క్షణం ఆగడం మాత్రం ఏ కాగితంలోనూ కనిపించవు. 1848 విప్లవం సెన్సారును ఎత్తేశాక, జులైలో ‘క్రేవింకెల్‌లో స్వేచ్ఛ’ ప్రదర్శించాడు. తాను వేసిన అల్ట్రా అనే పత్రికా రచయిత పాత్రతో అంతకాలం నొక్కిపెట్టిన మాటల్ని బాహాటంగా పలికించాడు. శరత్కాలంలో సైన్యం నగరాన్ని తిరిగి పట్టుకునేసరికి ఆ అవకాశం ముగిసింది.

అతని కథలు దేశాలు దాటాయి. ఇంగ్లిషు ప్రహసనం ఆధారంగా 1842లో రాసిన నాటకం, నాటకకర్త థార్న్‌టన్ వైల్డర్ చేతిమీదుగా అమెరికా చేరి, 1964లో ‘హలో, డాలీ!’ అనే సంగీత రూపకమైంది. అయితే నెస్ట్రోయ్ బలం కథలో కంటే వాక్యంలో ఉందని గట్టిగా చెప్పినవాడు వియన్నా రచయిత కార్ల్ క్రౌస్. నెస్ట్రోయ్ పోయిన యాభయ్యో ఏట, 1912లో, అతన్ని వినోదం పంచిన నటుడిగా కాక భాషా శిల్పిగా, వ్యంగ్యకారుడిగా నిలబెట్టే వ్యాసం రాశాడు. తత్త్వవేత్త విట్గెన్‌స్టైన్ ‘తాత్త్విక పరిశోధనలు’కు మకుటంగా ఎంచుకున్నదీ నెస్ట్రోయ్ వాక్యమే. క్రౌస్ ఆ వ్యాసంతోనే ఆగలేదు. ఒంటరిగా వేదికెక్కి ఈ నాటకాలు చదివి వినిపించేవాడు, తన కాలపు రాజకీయాల మీద కొత్త చరణాలు కట్టి పాత పల్లవులకు జోడించేవాడు. ఆస్ట్రియా నాటకశాలల్లో ఆ వాడుక నేటికీ ఉంది. నెస్ట్రోయ్ నాటకం వేసే బృందం ఆనాటి వార్తల మీద అదనపు చరణాలు రాయించుకుంటుంది, ప్రేక్షకులు వాటి కోసం ఎదురుచూస్తారు.