మూడొందలు పోసి రెండొందలు అడుగుతాం

దగ్గితే మూత్రం కారి, తుమ్మితే కారి, చివరికి పెళ్లిళ్లకు వెళ్లడమే మానేసిన ఆడవాళ్లు స్లింగ్ ఆపరేషన్‌కి వస్తారు. తీరా అది అయ్యాక ఇంటికి పంపడానికి మేం పెట్టే షరతు: మూత్రం పోయాలి. "ఇన్నాళ్లూ ఆగట్లేదని ఏడిస్తే, ఇప్పుడు రావట్లేదని ఏడవాలా సిస్టరమ్మా!" అని ఒకావిడ నవ్వేసింది.

మూత్రనాళం కింద ఊయలలా సన్నటి టేపు ఆనించే ఈ పద్ధతిని స్వీడన్ డాక్టర్ ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్ బృందం 1996లో ప్రకటించింది. ఇప్పుడు చాలామంది అదే రోజో మర్నాడో ఇంటికెళ్లిపోతున్నారు. కోత చిన్నదే గానీ లోపలి వాపు, నొప్పి, వెన్నుకిచ్చిన మత్తు, అన్నీ కలిసి మూత్రాశయం కాసేపు మొండికేస్తుంది. టేపు మరీ బిగిసినా అంతే. అది డాక్టర్ చూసుకోవాల్సిన సంగతి.

నా వంతు మూత్రం సరిగ్గా వస్తుందో లేదో చూసే పరీక్ష. మూత్రాశయానికి పెట్టిన పైపులోంచి మూడొందల మిల్లీలీటర్ల సెలైన్ నెమ్మదిగా ఎక్కించి, పైపు తీసేసి, కొలగిన్నె పెట్టి బాత్రూంకి పంపుతాం. రెండొందల దాకా వస్తే గట్టెక్కినట్టే. లెక్క సులువు, మనిషి సులువు కాదు. తలుపవతల అత్తగారు "అయిందా?" అని అరుస్తుంటే ఎవరికి వస్తుంది? ముందు బంధువులందర్నీ టీ తాగి రమ్మని పంపించేస్తాను. పాదాలు నేలకానించి, ముందుకు వంగి కూర్చోమంటాను. ముక్కొద్దంటాను. అయ్యాక లేచి నిలబడి, మళ్లీ కూర్చుంటే ఇంకాస్త వస్తుంది.

కొత్తగా చేరిన సిస్టర్లకు మొదట చెప్పేది మాత్రం మగ్గు గురించే. మనవాళ్లు కూర్చున్నచోటే కడుక్కుంటారు. ఆ నీళ్లు కొలగిన్నెలో పడితే నూటయాభై కాస్తా మూడొందలవుతుంది. కడుపు నిండా మూత్రంతో మనిషి ఇంటికెళ్లిపోతుంది. కడుక్కోకముందే గిన్నె తీసేయాలి. అనుమానముంటే స్కాన్‌లో మిగులు చూడాలి. మాటిమాటికీ కొంచెం కొంచెం వెళ్తోందంటే బాగైందని మురిసిపోకూడదు, అది పొంగి కారడం కావచ్చు. సాగిపోయిన మూత్రాశయం మళ్లీ ముడుచుకోవడానికి రోజులు పడతాయి.

పరీక్షలో నెగ్గనివాళ్లను కొన్నాళ్లు పైపుతోనే ఇంటికి పంపి, మళ్లీ పిలుస్తాం. ఎక్కువమందికి ఆ రెండోసారి సరిపోతుంది. పైపుకుండే మూత్రం సంచీ మూత్రాశయం కంటే కిందే ఉండాలి. లంగా లోపల తొడకు కట్టుకుంటే బస్సులో ఎవరికీ కనపడదు. జ్వరం, మంట, పొత్తికడుపు బిగుసుకోవడం, వీటిలో ఏదొచ్చినా వాయిదా దాకా ఆగకుండా వచ్చేయమంటాం. మూత్రానికి భయపడి నీళ్లు తగ్గించే పాత అలవాటును మాన్పించడమే పెద్ద పని.

డిశ్చార్జి కాగితం మీద "ఆరు వారాలు బరువులెత్తరాదు" అని ఉంటుంది. నేను పేరుపేరునా చెబుతాను: బిందె, గ్యాస్ బండ, బియ్యం బస్తా, మనవడు. మొదటి మూడింటికీ తలూపుతారు. మనవడి దగ్గరే బేరం మొదలవుతుంది.